గది గోడ మీది బోర్డు ఇంట్లో ఉన్నవాళ్లకి కనిపించదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఇంటి నుంచి పని మంచిదా, ఆఫీసుకి రావడం మంచిదా అన్న చర్చ పత్రికల్లో ఎప్పుడూ నడుస్తూనే ఉంది. వారానికి ఎన్ని రోజులు రావాలి, హాజరు ఎలా చూడాలి, ఇంట్లో ఉన్నవాళ్లు నిజంగా పని చేస్తున్నారా, అందరూ వీటి గురించే మాట్లాడతారు. సగం మంది గదిలో, సగం మంది ఇళ్లలో ఉండి ఒకే సమస్య మీద కలిసి బుర్ర పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఆలోచనంతా ఎక్కడ రాసుకుంటున్నారు అన్నది మాత్రం ఎవరూ అడగరు. చాలా టీముల్లో గొడవలు అక్కడే మొదలవుతున్నాయని నా అనుభవం, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో టెస్టింగ్ చేస్తాను, చాలాకాలంగా ఇంటి నుంచే. ఒకసారి కస్టమర్ ఆర్డర్ పెట్టిన దగ్గర్నుంచి సరుకు బయల్దేరేదాకా ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది తేల్చుకోవడానికి మీటింగ్ పెట్టుకున్నాం. నలుగురు గదిలో, ముగ్గురం బయట. కాసేపు మాటలు నడిచాక మా సీనియర్ ఒకాయన "ఆగండి, గీసి చూపిస్తా" అని లేచి మార్కర్ తీసుకుని గోడ మీద బోర్డు దగ్గరికి వెళ్లారు. ఆ క్షణం నుంచి మా ముగ్గురికీ కనిపించింది ఆయన వీపు, బోర్డు మీద మెరుస్తున్న ట్యూబ్‌లైటు వెలుగు, అంతే. మార్కర్ కీచుమనడం మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది. "కాస్త పక్కకి జరుగుతారా" అని అడిగాను, జరిగారు, రెండు నిమిషాలకి మళ్లీ అదే చోటికి వచ్చారు. గదిలో వాళ్లు "ఇది ఇటు కదా", "కాదు, అది అక్కడ" అనుకుంటున్నారు, ఏది ఎటో మాకు తెలియదు. రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాను. చివర్లో ఎవరో బోర్డుని ఫోన్‌తో ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టారు. పక్క నుంచి తీసిన ఫొటో, ఒక బాణం గుర్తు మీద వెలుగు పడి దాని కొన ఎటు ఉందో కనిపించలేదు. నేను స్టాక్ చూశాక డబ్బు తీసుకుంటారనుకున్నాను, వాళ్లు అనుకున్నది డబ్బు తీసుకున్నాక స్టాక్ చూడాలని. రెండు వారాలు తప్పు వరుసలో టెస్టులు రాశాను. అవన్నీ కొట్టేయాల్సి వచ్చిన రోజు "నువ్వూ మీటింగ్‌లో ఉన్నావు కదా" అన్నారు. ఉన్నాను, నిజమే. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాతే మా టీమ్ డిజిటల్ వైట్‌బోర్డుకి మారింది. వాడనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. బ్రౌజర్‌లో లింక్ తెరిస్తే ఎటు జరిపినా ఇంకా ఖాళీ ఉండే తెల్ల కాగితం లాంటిది వస్తుంది. రంగు కాగితం ముక్కల్లాంటి స్టికీ నోట్లు అతికించొచ్చు, గీతలు గీయొచ్చు, బొమ్మలు పెట్టొచ్చు, ఒక్కొక్కరి కర్సర్ పక్కన వాళ్ల పేరు కదులుతూ కనిపిస్తుంది, ఒకరు రాసింది ఆ క్షణంలోనే అందరి తెర మీదా వస్తుంది. మీరో, మ్యూరల్, ఫిగ్‌జామ్, మైక్రోసాఫ్ట్ వైట్‌బోర్డ్, ఎక్స్‌కాలిడ్రా ఇలా చాలా ఉన్నాయి. కరోనా వచ్చాక పుట్టినవని కొందరు అనుకుంటారు కానీ కాదు. మీరో, అప్పట్లో దాని పేరు రియల్‌టైమ్‌బోర్డ్, మ్యూరల్ రెండూ 2011 నాటివే. ఇంకా వెనక్కి వెళ్తే 1968 డిసెంబరు 9న డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికా కంప్యూటర్ పరిశోధకుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో వేదిక మీద కూర్చుని, దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో మెన్లో పార్క్‌లో ఉన్న సహచరుడి ముఖం తెర మీద చూస్తూ, అతనితో మాట్లాడుతూ, ఇద్దరూ ఒకే పేజీ మీద పని చేసి చూపించారు. అంటే కోరిక పాతదే, 2020లో అందరం ఒకేసారి ఇళ్లలో కూర్చోవాల్సి వచ్చేసరికి అది అవసరమైంది.

బోర్డు వచ్చాక గీతలు కనిపించడం మొదటి లాభం. కానీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇంకొకటుంది, అందరూ నోరు మూసుకుని ఒకేసారి రాయగలగడం. మామూలు మీటింగ్‌లో ఒక్కరే మాట్లాడగలరు, మిగతావాళ్లు వంతు కోసం చూడాలి, ఈలోగా తట్టింది మర్చిపోతారు, లేదా ముందు మాట్లాడినవాళ్ల దారిలోనే ఆలోచించడం మొదలుపెడతారు. ఇది నా ఊహ కాదు. నలుగురు కూర్చుని తోచింది చెప్పుకుంటూ పోతే ఎక్కువ ఆలోచనలు వస్తాయని ప్రకటనల రంగంలో పనిచేసిన అలెక్స్ ఆస్బర్న్ 1953లో రాసినప్పటి నుంచి ప్రపంచమంతా ఆ మాటనే పట్టుకుంది. 1987లో మైఖేల్ డీల్, వోల్ఫ్‌గాంగ్ స్ట్రోబ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూస్తే, విడివిడిగా రాసిన అంతే మంది ఆలోచనలు కలిపితే గుంపుగా మాట్లాడుకున్నవాళ్ల కంటే ఎక్కువ వచ్చాయి. వంతు కోసం ఎదురుచూడటమే పెద్ద అడ్డంకి అని వాళ్లు తేల్చారు. బోర్డు మీద వంతు లేదు.

మా దగ్గర ఎలా చేస్తామంటే, ప్రశ్న ఒక్కటి బోర్డు పైన పెద్ద అక్షరాల్లో రాసి, ఐదు నిమిషాల టైమర్ పెట్టి, అందరూ మైకు మ్యూట్ చేస్తారు. ఒక నోట్‌లో ఒకే మాట. ఎవరు ఏం రాస్తున్నారో మిగతావాళ్లకి కనిపించకుండా దాచే ఏర్పాటు ఈ బోర్డుల్లో కొన్నింటికి ఉంది, అది ఆన్ చేస్తాం. టైమ్ అవగానే అన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. ఒక పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే ముందు ఇలాగే చేస్తే ముప్పై పైచిలుకు నోట్లు వచ్చాయి, వాటిలో ఎక్కువ మేం అనుకున్నవే. ఒక మూల చిన్న నోట్ ఉంది: "అడ్రస్ రెండు లైన్లలో రాసుకున్న పాత కస్టమర్ల రెండో లైను ఎటు పోతుంది?" ఎవరూ మాట్లాడలేదు కాసేపు. కొత్తదాంట్లో రెండో లైనుకి చోటే పెట్టలేదు మేము. రాసింది మా టీమ్‌లో చేరి ఏడాది కూడా కాని అమ్మాయి, మీటింగుల్లో పేరు పెట్టి పిలిస్తే తప్ప నోరు విప్పేది కాదు. తర్వాత నేను అడిగితే "అది అందరికీ తెలిసే ఉంటుందనుకున్నానండీ, అడిగితే బాగోదేమో అని" అంది. ఎన్ని మీటింగుల్లో ఎంతమంది ఇలా అనుకుని ఊరుకున్నారో అనిపించింది.

రాసిన తర్వాత నోట్లని కలపడం ఉంటుంది. జపాన్ మానవ శాస్త్రవేత్త జిరో కవకిత దీన్ని కాగితం ముక్కలతో చేసేవారు, ఆయన ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలు కలిపి దీన్ని కేజే పద్ధతి అంటారు. ముందే శీర్షికలు పెట్టుకుని వాటి కింద ముక్కలు పడేయకూడదు, ఏ ముక్క దేనికి దగ్గరగా ఉందో చూసుకుంటూ పక్కపక్కన పెట్టుకుంటూ పోతే గుంపులు వాటంతట అవే ఏర్పడతాయి, పేరు ఆఖర్న. బోర్డు వాడే టీములు చాలావరకు ఈ దశ దగ్గర తొందరపడతాయి. ఖాళీ పెట్టెలు మూడు గీసి, "మంచి, చెడు, చేయాల్సినవి" అని రెడీమేడ్ టెంప్లేట్ తెచ్చి పెడతారు, ఆ అమ్మాయి రాసినటువంటి నోట్ ఏ పెట్టెలోనూ పట్టదు.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. గదిలో నలుగురు, బయట ముగ్గురు ఉన్నప్పుడు డిజిటల్ బోర్డు ఉన్నా పాత కథే జరుగుతోంది. గదిలో వాళ్లు పెద్ద తెర మీద బోర్డు వేసుకుని, ఒక్కరు లాప్‌టాప్ పట్టుకుంటే మిగతావాళ్లు "అది ఇటు జరుపు, ఇది అక్కడ రాయి" అని నోటితో చెబుతుంటారు. మళ్లీ గదిలో మాటలే నడుస్తాయి, బోర్డు గుమస్తా రాసుకునే పుస్తకంలా మిగులుతుంది. బయట ఉన్నవాళ్లు ఒక నోట్ పెడితే అది ఎవరి కంటా పడదు, ఎందుకంటే గదిలో కళ్లన్నీ ఒకరి మీద ఒకరికి ఉంటాయి. ఒక్కరు బయట ఉన్నా సరే, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ సొంత లాప్‌టాప్‌లో బోర్డు తెరవాలి. మైకు, స్పీకరు ఒక్కటే ఆన్‌లో ఉంచి మిగతావన్నీ మ్యూట్ చేస్తే ఎకో గొడవ ఉండదు. "పక్కపక్కనే కూర్చుని లాప్‌టాప్‌లు చూసుకోవడం ఏంటి, మనుషుల్లా మాట్లాడుకోలేమా" అని మేనేజర్లు చిరాకు పడతారు. ఆ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆ మాటల సుఖం నలుగురికి, దాని నష్టం ముగ్గురికి, ఇది సరైన పంపకం కాదు. మాట్లాడుకోండి, కాకపోతే గీసేది మాత్రం అందరికీ కనిపించేచోట గీయండి.

ఓటింగ్ గురించి కూడా ఒక మాట. నోట్ల మీద చుక్కలు పెట్టి ఓటు వేసే వీలు చాలా బోర్డుల్లో ఉంది, బాగుంటుంది, కానీ పెద్దవాళ్ల చుక్క ముందు పడితే మిగతా చుక్కలన్నీ దాని వెనకే వెళ్తాయి, నేను ఎన్నోసార్లు చూశాను. పెద్దవాళ్లు ఆఖర్న వేయాలి, లేదా ఓట్లు ముగిసేదాకా దాచాలి.

బోర్డుల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. అంతులేని కాగితం కాబట్టి అంతు లేకుండా పేరుకుపోతుంది. నెల తర్వాత తెరిస్తే వందల నోట్లు, ఏది తేల్చుకున్నామో ఏది ఊరికే అనుకున్నామో తెలియదు, నెట్ సరిగా లేనివాళ్లకి అది తెరుచుకోవడానికే టైమ్ పడుతుంది, ఫోన్‌లో అయితే చిన్న కిటికీలోంచి ఊరంతా చూసినట్టే. అందుకే మీటింగ్ చివరి పది నిమిషాలు ఒకరు బాధ్యత తీసుకుని, ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తారు, ఎప్పటికి, ఈ మూడూ మామూలు డాక్యుమెంట్‌లో వాక్యాలుగా రాయాలి. నిర్ణయాన్ని బోర్డు మీదే వదిలేయకూడదు. గూగుల్ వాళ్ల ఇలాంటి బోర్డు జామ్‌బోర్డ్ గుర్తుందిగా, మూసేస్తున్నామని 2023లో చెప్పి, 2024 డిసెంబరు 31తో ఆపేశారు. పీడీఎఫ్‌గా దాచుకున్నా అందులో బొమ్మ ఉంటుంది, దాని వెనక జరిగిన వాదన ఉండదు. లింక్ ఉన్న ఎవరైనా మార్చొచ్చు అన్న సెట్టింగ్ అలాగే వదిలేయడం ఇంకో అలవాటు, కస్టమర్ల వివరాలున్న బోర్డుని అలా వదిలేయడం తలుపు తీసి పడుకోవడమే.

ఇద్దరు మాట్లాడుకుంటే తేలిపోయేదానికి బోర్డు అక్కర్లేదు, ఫోన్ చాలు.

ఇంకో విషయం నన్ను నిజంగా బాధపెడుతోంది. ఈ మధ్య మా టీమ్‌లోకి చూపు లేని ఒకాయన వచ్చారు, తెర మీది మాటల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పని చేస్తారు, కోడ్ మాలో చాలామంది కంటే వేగంగా చదువుతారు. బోర్డు దగ్గర మాత్రం ఆగిపోతున్నారు. నోట్‌లో ఉన్న మాటని స్క్రీన్ రీడర్ చదవగలిగినా, ఈ నోట్ ఆ నోట్ పక్కన ఎందుకుంది, ఎర్ర నోట్లంటే ఏంటి, బాణం దేన్నుంచి దేనికి, ఇవి చాలాసార్లు చెప్పదు. బోర్డు మీద అర్థమంతా చోటులోనూ రంగులోనూ ఉంటుంది మరి. గోడ మీది బోర్డు నన్ను బయట పెట్టినట్టే, నేను ఇంత మెచ్చుకుంటున్న ఈ బోర్డు ఆయన్ని బయట పెడుతోంది. ప్రస్తుతానికి మేం చేస్తున్నది ఇంతే: ప్రశ్నని ముందురోజే మెయిల్‌లో పంపుతాం, ఆయన తన మాటలు లిస్టుగా రాసి పంపితే అందరితోపాటే ఒకేసారి తెరుస్తాం, గుంపులు కట్టేటప్పుడు ప్రతి గుంపునీ పైకి చదువుతాం, రంగుతో చెప్పే ప్రతిదానికీ పక్కన మాట కూడా రాస్తాం. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని ఇంకో సహోద్యోగికి కూడా దానివల్ల సులువైంది, ఇన్నేళ్లూ ఆయన మాతో ఆ సంగతి చెప్పనేలేదు.

ఇది చాలదని మాకు తెలుసు. మీ పాఠకుల్లో స్క్రీన్ రీడర్‌తో ఇలాంటి బోర్డుల మీద పని చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, మీకు ఏది పనికొచ్చింది, టీమ్ ఏం మార్చుకోవాల్సి వచ్చింది, దయచేసి ఈ శీర్షికకే రాయండి. సంపాదకులు గారూ, అలాంటి ఉత్తరం వస్తే నాది పక్కన పెట్టయినా సరే అది ముందు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు