గేట్ల ఆట గురించి, ఇంకొన్ని సంగతులు

పటమట, విజయవాడ
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

ఎలా ఉన్నావు? ఈమధ్య ఏం అడిగినా బొటనవేలి బొమ్మే జవాబుగా వస్తోంది. తిన్నావా అన్నా అదే, జలుబు తగ్గిందా అన్నా అదే. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడే చదువు, కానీ మొత్తం చదువు.

మొన్న గుంటూరు వెళ్ళొచ్చాం, రమ్య ఓణీల ఫంక్షన్‌కి. నాన్నమ్మ అంత ఎండలోనూ వచ్చింది, వచ్చిందగ్గర్నుంచీ నీ ఊసే. భోజనాల దగ్గర రాజ్యం అత్తయ్య నా పక్కన చేరి "చిన్ని ఉద్యోగం మానేసిందటగా వదినా, ఏవో గేములు పెట్టుకుందటగా" అంది. నాకే తెలియని సంగతి నేనేం చెప్పను? "గేము తయారుచేస్తోంది, సెలవు రోజుల్లో" అన్నాను. అంతేనా? సరే, ఆ మాట తర్వాత. నువ్వు అడిగింది ఆట గురించి కాబట్టి ముందు అదే చెబుతాను.

ఆలోచన చాలా బాగుంది తల్లీ. ఎగువ నుంచి కృష్ణకి వరద వస్తుంటే ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తుతూ దించుతూ మట్టం 12 అడుగుల దగ్గర నిలపడం, అటు కాలవలకీ నీళ్ళు తగ్గకుండా చూడటం. ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకి తప్ప ఇంకొకరికి తట్టదు. కానీ అంకెలు సరిచెయ్యి. మొదటి ప్రమాద హెచ్చరిక 4 లక్షల దగ్గర, రెండోది 6 లక్షల దగ్గర పెట్టావు. అవి 3.97 లక్షలు, 5.69 లక్షల క్యూసెక్కులు. వరదొస్తే టీవీలో రోజంతా వినిపించే అంకెలు, ఇక్కడివాళ్ళు ఇట్టే పట్టేస్తారు. చివరి లెవెల్ 2024 సెప్టెంబరు వరద అన్నావు కనక 11.43 లక్షలు పెట్టు. ఆ లెవెల్ ఓడిపోతే సింగ్‌నగర్ మునిగినట్టు చూపించావు, అది మాత్రం తీసెయ్యాలి. సింగ్‌నగర్‌ని ముంచింది బుడమేరు, బ్యారేజీ గేట్లు కాదు. ఆ నీళ్ళలో రోజుల తరబడి మేడల మీద ఉన్నవాళ్ళు ఈ ఆట ఆడితే నీ మీద నమ్మకం అక్కడితో పోతుంది.

ఇక అసలు ఇబ్బంది గేట్లు. 70 గేట్లూ ఒకే తెర మీద వరసగా పెట్టావు. చూడ్డానికి బ్యారేజీలాగే ఉంది, నాన్న మురిసిపోయారు. కానీ ఆరున్నర అంగుళాల ఫోన్ అడ్డంగా పట్టుకుంటే ఆ పొడవుని 70తో భాగించు, ఒక్కో గేటుకి రెండు మిల్లీమీటర్లు వస్తుంది. వేలితో నొక్కే ఏ బొత్తామైనా 48 డీపీకి తగ్గకూడదని ఆండ్రాయిడ్ వాళ్ళే చెబుతారు, అంటే తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. నువ్వు కంప్యూటర్ మీద మౌస్‌తో ఆడి చూసుకుంటున్నావు కాబట్టి నీకు తెలియడంలేదు. పదేసి గేట్లు ఒక గుంపు చెయ్యి, ఏడు గుంపులవుతాయి. గుంపు మీద నొక్కితే ఆ పదీ పెద్దవై కనిపించాలి. బొమ్మ అలాగే ఉండనీ, నొక్కే చోటు మాత్రం మార్చు.

కింద పోర్షన్ వాళ్ళబ్బాయి చేత ఆడించాను. తొమ్మిదో తరగతి, రోజంతా బీజీఎంఐ ఆడే పిల్లాడు. ఫోన్ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను, నోరు విప్పలేదు. నువ్వు రాసిన నియమాల తెర వచ్చీ రాగానే చదవకుండా దాటించేశాడు. గేటుని నొక్కలేదు, వేలితో పట్టుకుని పైకి లాగాడు. కదల్లేదు. మళ్ళీ లాగాడు, ఇంకొంచెం గట్టిగా. మూడోసారి వేలు జారి పక్క గేటు మీద పడితే అది లేచింది, వాడికి ఎందుకు లేచిందో అర్థం కాలేదు. ఈలోగా మట్టం దాటిపోయింది. "టైమ్ ఎక్కువ ఇవ్వాలి ఆంటీ" అన్నాడు. నువ్వు పక్కన ఉంటే వెంటనే టైమ్ పెంచేసేదానివి. వాడికి టైమ్ చాలకపోవడం కాదు ఇబ్బంది. మట్టం చూపించే గీత కుడివైపు కింద ఉంది, సరిగ్గా వాడి బొటనవేలి కింద. నీళ్ళు పెరగడం వాడికి కనిపించనేలేదు. ఆ గీత పైకి జరుపు, గేటుని లాగినా ఎత్తేట్టు చెయ్యి. టైమ్ జోలికి పోకు.

ఎవరిచేత ఆడించినా ఇలాగే చెయ్యి. ఐదుగురిని తీసుకో, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టు. వాళ్ళు ఆడుతుంటే సాయం చెయ్యకు, సమర్థించుకోకు, "అక్కడ కాదు ఇక్కడ నొక్కు" అనకు. ఆట మార్కెట్లోకి వెళ్ళాక నువ్వు ఎవరి పక్కనా ఉండవు కదా. వీలైతే స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, మనసులో అనుకున్నది పైకి అంటూ ఆడమను. ఐదుగురిలో ముగ్గురు ఒకే చోట ఆగిపోతే అది దిద్దు, దిద్దాక కొత్తగా ఇంకో ఐదుగురిని పట్టుకో. పాతవాళ్ళనే మళ్ళీ కూర్చోబెడితే వాళ్ళకి ఆట అప్పటికే తెలిసిపోయి ఉంటుంది, ఇంక ఏమీ బయటపడదు. ఒక్కడే అన్న మాట ఉంటే రాసిపెట్టుకో, వెంటనే చెయ్యకు.

"నచ్చిందా" అని మాత్రం అడగకు. మనవాళ్ళలో ఒక్కరు కూడా నీ మొహం మీద నచ్చలేదనరు. ఎక్కడ విసుగొచ్చింది, ఎక్కడ ఏం చెయ్యాలో తోచలేదు, ఏ లెవెల్ దగ్గర ఫోన్ పక్కన పెట్టెయ్యాలనిపించింది, ఈ ఆట గురించి స్నేహితులకి చెప్పాల్సివస్తే ఏమని చెబుతావు. ఈ నాలుగూ అడుగు. ఫారం పంపితే ఐదు ప్రశ్నలకి మించనివ్వకు, పది దాటితే మధ్యలో వదిలేస్తారు. దూరంగా ఉన్నవాళ్ళ కోసం ఆటలోనే లెక్క రాయించు: ఏ లెవెల్ ఎప్పుడు మొదలుపెట్టారు, గెలిచారా ఓడారా, ఎన్ని సెకన్లు పట్టింది, ఏ తెర మీద ఉండగా బయటికెళ్ళారు. నెట్ లేకపోతే ఫోన్‌లోనే దాచి తర్వాత పంపేట్టు చెయ్యి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకోకు. 2023లో వచ్చిన డేటా చట్టం ప్రకారం 18 నిండనివాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ తలనొప్పి నీకొద్దు.

ఇంత పని రాత్రిళ్ళు చేస్తున్నావా, లేక పగలంతా ఇదేనా? నువ్వు బిల్డ్ (ఆడి చూడమని ఇచ్చే ఆట కాపీ) పంపింది మంగళవారం ఉదయం 11 గంటలకి. అది ఆఫీసు టైమే కదా. అడుగుతున్నానంతే.

నీకు పాంగ్ అనే పాత వీడియో గేమ్ కథ పూర్తిగా తెలుసో లేదో. 1972లో అటారీ అనే ఆటల కంపెనీ పెట్టిన కొత్తలో నోలన్ బుష్నెల్ ఒక కుర్ర ఇంజనీరుని పనిలో పెట్టుకున్నాడు, పేరు అలన్ ఆల్కార్న్. చెయ్యి తిరగడం కోసం ఒక తేలికైన పని ఇచ్చాడు, తెర మీద టేబుల్ టెన్నిస్ లాంటిది చెయ్యమని. ఇది అమ్మే వస్తువు కాదని ఆల్కార్న్‌కి చెప్పనేలేదు, పెద్ద కంపెనీ కాంట్రాక్టు అని నమ్మించాడు. ఆ పిల్లాడు అడిగినదానికంటే ఎక్కువే చేశాడు. బ్యాట్‌ని ఎనిమిది ముక్కలుగా ఊహించుకుని, బంతి ఏ ముక్కకి తగిలితే ఆ కోణంలో తిరిగెళ్ళేట్టు చేశాడు. అంచుకి తగిలితే వాలుగా పోతుంది, నడిమికి తగిలితే తిన్నగా పోతుంది. చాలాసేపు ఎవరూ తప్పకపోతే బంతి వేగం పెరిగేట్టు పెట్టాడు. సర్క్యూట్‌లో ఒక లోపం వల్ల బ్యాట్ తెర పైఅంచుదాకా వెళ్ళేది కాదు. దాన్ని దిద్దవచ్చు, కానీ దిద్దలేదు. ఆ ఖాళీ లేకపోతే బాగా ఆడేవాళ్ళిద్దరు ఒక్క నాణెంతో ఎంతసేపైనా ఆడుతూనే ఉంటారు కదా. నాణెం వేసి ఆడే ఆ పెట్టెని కాలిఫోర్నియాలో సన్నీవేల్ అనే ఊళ్ళో ఆండీ క్యాప్స్ అనే బార్‌లో పెట్టారు. పెద్ద నియమాలేం రాయలేదు, బంతిని తప్పనివ్వకపోతే ఎక్కువ స్కోరు వస్తుందని ఒక్క ముక్క. కొద్దిరోజులకే బార్ నుంచి కబురొచ్చింది, పెట్టె పనిచెయ్యడంలేదు వచ్చి చూడమని. ఆల్కార్న్ వెళ్ళి తెరిచి చూస్తే వైర్లన్నీ బాగానే ఉన్నాయి. నాణేలు పడే డబ్బా నిండిపోయి పొర్లి, కొత్త నాణెం పడేందుకు చోటులేక ఇరుక్కుంది. ఆట బాగుందా అని ఎవర్నీ అడగాల్సిన పనిలేకపోయింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ లెవెల్ లెక్కలు నీకు ఆ నాణేల డబ్బా లాంటివి. ఓడిపోయినవాళ్ళలో ఎంతమంది వెంటనే మళ్ళీ ఆడుతున్నారో, ఆ ఒక్క అంకె రోజూ చూసుకో. పొగిడే మెసేజీల కంటే అది నిజం చెబుతుంది.

ఇంకొక సంగతి, ఆల్కార్న్ జీతం తీసుకుంటూ చేశాడు ఆ పని. బుష్నెల్ కూడా అటారీ పెట్టకముందు ఉద్యోగం చేస్తూనే మొదటి ఆట మొదలుపెట్టాడు.

ఫోన్ల దగ్గరికొస్తాను. నీ ఫోన్ ఖరీదైనది, అందులో బాగా నడిచిందని సంతోషపడకు. 3 జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లలో మూడో లెవెల్ తెరుచుకునేటప్పుడు ఆట మూసుకుపోతోంది. నది నేపథ్య చిత్రం 4096 బై 4096 పెట్టావు కదూ? కుదించకపోతే అదొక్కటే మెమరీలో 64 ఎంబీ తింటుంది. ఈటీసీ2 అనే పద్ధతిలో కుదిస్తే 16 ఎంబీకి వస్తుంది, ఏఎస్టీసీ 6 బై 6 అనే ఇంకో పద్ధతిలో ఇంకా సగానికి తక్కువే. నీ దగ్గర అలాంటివి ఎన్ని ఉన్నాయో చూసుకో. ఈ రోహిణి కార్తె ఎండలో బాల్కనీలో అరగంట ఆడితే ఫోన్ కాలిపోతోంది, కాలినప్పుడు ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఆట నత్తనడక నడుస్తుంది. బెంగుళూరు చల్లదనంలో నీకు కనిపించదు. సెకనుకి 60 ఫ్రేములకి పట్టుబట్టకు, నిదానమైన ఆట కాబట్టి 30 చాలు. ఒక్కో ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి, బ్యాటరీ మిగులుతుంది. ఆట మధ్యలో కాల్ వచ్చి తిరిగొస్తే లెవెల్ మొదటికి పోతోంది, అదీ చూడు.

తెలుగు అక్షరాలు చూసి ప్రాణం ఉసూరుమంది. "కృష్ణా" అన్నచోట ణ ఒత్తు విడిపోయి పక్కకెళ్ళి నిలబడింది. నువ్వు ఆట తయారుచేసే యూనిటీలో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రో మన ఒత్తుల్ని తనంతట తాను కూర్చదు. మాటలు కొన్నే కాబట్టి వాటిని బొమ్మలుగా పెట్టుకో, లేదా ఒత్తులు కూర్చే ప్లగిన్ వాడు. తెలుగు లేకుండా మాత్రం వదలకు. అలాగే ప్రమాదానికి ఎరుపు, క్షేమానికి ఆకుపచ్చ అని వదిలెయ్యకుండా పక్కన గుర్తు కూడా పెట్టు. శేషు బాబాయికి ఆ రెండూ ఒకటే కదా.

ప్లేస్టోర్‌లో నీ సొంత పేరు మీద కొత్తగా ఖాతా తెరిస్తే, ఆట అందరికీ విడుదల చేసేముందు 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు చేరి ఉండాలి. మధ్యలో ఒకడు తప్పుకుంటే లెక్క చెడుతుంది, అందుకని 18 మందిని పెట్టుకో. ఏడుగురి జీమెయిల్ చిరునామాలు నేను సేకరించాను, పంపిస్తాను. బిల్డ్ నంబర్ తెర మూలన చిన్నగా కనిపించేట్టు పెట్టు, లేకపోతే ఎవరు ఏ బిల్డ్ గురించి మాట్లాడుతున్నారో తెలియక వారం పోతుంది. తప్పు చెప్పేవాళ్ళని ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏం చేస్తే వచ్చింది, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, ఇవి రాయమను. ఆట నీదేనని రుజువు చేసే సైనింగ్ కీ ఫైలు ఇంకోచోట కాపీ పెట్టుకో, లాప్‌టాప్ మీద నీళ్ళు పోసుకోవడం నీకు కొత్త కాదు.

రాజ్యం అత్తయ్య ఇంకో మాట కూడా అంది, రాయకూడదనుకున్నాను. నువ్వు ఆన్‌లైన్ పేకాటలో డబ్బులు పెట్టావని ఎవరో చెప్పారట. మన రాష్ట్రంలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ ఆపేశారనీ, 2025లో కేంద్రం డబ్బు పందెం ఆటలన్నిటికీ కలిపి చట్టం తెచ్చిందనీ, నువ్వు చేసే ఆటకీ వాటికీ సంబంధం లేదనీ అందరి ముందూ గట్టిగానే చెప్పాను. దానికి నాకు నీ సాయం అక్కర్లేదు. ఉద్యోగం సంగతే నువ్వు చెప్పాలి. మానేసి ఉంటే మానేశానని చెప్పు, నాన్న అరవరు, నేను చూసుకుంటాను. కానీ పీఎఫ్ డబ్బు తియ్యకు. ఇన్సూరెన్స్ నీ ఆఫీసు ఇచ్చినదే అయితే ఈ నెలలోనే సొంతంగా ఒకటి తీసుకో. అద్దె, తిండి, పదిహేను నెలలకి సరిపడా పక్కన ఉందో లేదో లెక్క రాసి చూడు. ఆట ఎంత బాగున్నా మొదటి ఏడాది దాని మీద బతకొచ్చని అనుకోకు. మానెయ్యకపోతే మానెయ్యకు, ఈ 14 రోజులూ పూర్తయ్యేదాకా అయినా. చూశావా, మళ్ళీ అక్కడికే వచ్చాను.

కొత్తావకాయ, కంది పొడి బస్సు పార్సిల్‌లో వేశాను. ఆవకాయ జాడీలోకి తడి చెంచా పెట్టకు. నెయ్యి వేసుకుని తిను. రాత్రి రెండింటిదాకా ఆ తెర చూస్తూ కూర్చుంటే కళ్ళజోడు నంబరు ఇంకా పెరుగుతుంది.

వచ్చే ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి, వీడియో కాల్. సరిచేసిన బిల్డ్ శనివారంలోపు వస్తే ఆ రోజే ఇంకో ఐదుగురి చేత ఆడిస్తాను. గుంటూరు పిన్ని వాళ్ళ పిల్లలిద్దరూ వస్తామన్నారు, ఇద్దరికీ పాత ఫోన్లే.

అమ్మ

నాన్న ఫోన్‌లో ఆట అసలు తెరుచుకోలేదు. ఆండ్రాయిడ్ 10, 2 జీబీ ర్యామ్. లోగో వచ్చి నల్లతెర పడి మూసుకుంటోంది, ఎన్నిసార్లు పెట్టినా అంతే. ఎక్కడ ఆగిందో ఫోన్ రాసుకునే లాగ్ తీసి మెయిల్‌లో పెట్టాను, ముందు అది చూడు.