పొగ మానమంటున్నారు సరే, ఎట్లా మానాలో చెప్పరేం?

సంపాదకులకు,

మే 31 వచ్చిందంటే పొగాకు వ్యతిరేక ర్యాలీలు, చౌరస్తాల్లో ఫ్లెక్సీలు మామూలే. ఊపిరితిత్తుల బొమ్మ ఉంటుంది, నాయకుల ఫొటోలు ఉంటాయి. మానాలనుకున్న మనిషి మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో మాత్రం ఉండదు.

ఉచిత హెల్ప్‌లైన్ ఉంది: 1800-11-2356. తెలుగులోనూ మాట్లాడతారు. సిగరెట్ ప్యాకెట్ మీద ఈ నంబరు అచ్చవుతుంది. అయితే మన పాన్‌డబ్బాల్లో సిగరెట్లు విడిగా అమ్ముతారు. హెచ్చరిక బొమ్మ, నంబరు ఉన్న ప్యాకెట్ డబ్బాలోనే ఉండిపోతుంది, కొన్నవాడి చేతికి ఒక్క సిగరెటే వస్తుంది. ఫ్లెక్సీలకు పెట్టే డబ్బుతో ఆ నంబరును చాయ్ హోటళ్ల గోడల మీద, ఆటోల వెనక రాయిస్తే నయం.

పొగ మానేందుకు నమిలే నికోటిన్ గమ్ (నికోటిన్ అంటే పొగాకులో అలవాటు పట్టించే పదార్థం) పనిచేయదనే మాట తరచూ వింటుంటాం. చాలాసార్లు తప్పు వాడే పద్ధతిలో ఉంటుంది. మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, మంట పుడతాయి, పొగ తాగాలనే తలపు మాత్రం తగ్గదు. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే ఆపి చెంపకూ చిగుళ్లకూ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఒక్క గమ్ అరగంట రావాలి. పావుగంట ముందు నుంచి చాయ్, కూల్‌డ్రింకులు వద్దు, వాటి పులుపు ఉంటే నికోటిన్ నోటి నుంచి ఒంటికి పట్టదు. లేచిన అరగంటలోపే వెలిగించేవారికి 4 మి.గ్రా., మిగతావారికి 2 మి.గ్రా. మొదటి 6 వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత తగ్గించుకుంటూ 12 వారాలకు ఆపేయాలి. గర్భిణులు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారు డాక్టరును అడగనిదే వాడకూడదు. పొగ మానిన మొదటి కొన్ని రోజులు మనసు దాని మీదికి గట్టిగా గుంజుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. ఆ గుంజుడు కూడా వచ్చిన ప్రతిసారీ కొద్ది నిమిషాలే.

ఇక బీడీ. 'ఆకుదే కదా, ఏమైతది' అనుకునేవాళ్లు మన పల్లెల్లో ఎక్కువ, ప్రచారాల్లో దాని ఊసే తక్కువ. బీడీ చుట్టే తునికాకులోంచి గాలి సరిగా చొరబడదు. ఆరిపోకుండా మాటిమాటికీ గట్టిగా లాగాలి. అందుకే పొగాకు కొంచెమే అయినా నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కు తీసిపోవు. టీబీ మందులు మింగుతూ బీడీ మానకుంటే జబ్బు తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది, కాబట్టి మందు ఇచ్చిన ప్రతిసారీ ఆ మాట అడగాలి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఆడవాళ్లు పొగ తాగకుండానే పొగాకు దుమ్ము పీలుస్తున్నారు. వారి కూలికి ఆసరా చూపకుండా ఆ ఊళ్లలో ర్యాలీ తీస్తే ఎవరూ వినరు.

30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తలు నింపే ఫారంలో పొగాకు ప్రశ్న ఉంది. టిక్కు పెట్టడంతో ఆ సంగతి ముగియకూడదు. మానే తేదీ అక్కడే రాయించి, మూడో రోజు, వారానికి, నెలకు ఫోన్ చేయాలి.

బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని నిషేధించే 2008 నిబంధనల ప్రకారం వాటి ద్వారం దగ్గర 60 సెంటీమీటర్లకు 30 సెంటీమీటర్ల 'పొగ తాగరాదు' బోర్డు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో పేరు కనబడాలి. బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పేరు లేని బోర్డును చూసి ఎవరికి చెప్పుకుంటాం? ఉమ్మడి వరంగల్ బస్టాండ్లన్నింటిలో ముందు ఆ పేర్లు రాయించాలని జిల్లా అధికారులను కోరుతున్నాం.

- ఆరోగ్య కార్యకర్తలు, హన్మకొండ