స్టీరియో మైకు కొనుగోలు: జమా ఖర్చుల వివరణ

సభ్యులకు, చందాలు ఇచ్చిన అందరికీ నమస్కారం.

విశాఖ చుట్టుపక్కల ఊళ్ళలో తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళు, జముకుల కథ చెప్పేవాళ్ళు గొంతు బాగున్నప్పుడే వాళ్ళ పాటలు రికార్డు చేసి పెట్టుకుందామని, హాల్లో పిల్లల వయొలిన్, వీణ కచేరీలకూ అదే సామాను పనికొస్తుందని డిసెంబరు మీటింగులో అనుకున్నాం. మార్చి నెలాఖరుకి కొనాల్సినవన్నీ కొన్నాం. ఈలోగా గ్రూపులో ఒకరు "మైకు 24 వేలే కదా, మిగతా 38 వేలు ఏమయ్యాయి?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు జమ. చందా ఇస్తామని చెప్పినవాళ్ళు 41 మంది, ఇచ్చినవాళ్ళు 38 మంది. తలా వెయ్యి చొప్పున 38,000 రూపాయలు. సంక్రాంతి కార్యక్రమంలో హుండీలో పడింది 6,450. చిల్లర లెక్కపెట్టడానికి ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. మన కాలనీ రిటైర్డ్ టీచరుగారు 5,000 ఇచ్చారు. పేరు చెప్పొద్దన్న ఒకరు 10,000 ఇచ్చారు. స్టోరు రూములో పదేళ్ళుగా పడున్న పాత యాంప్లిఫయరు అమ్మితే 2,200 వచ్చింది. బ్యాంకు వడ్డీ 87. ఇవన్నీ కలిపితే 61,737. దీనికి నేను కట్టిన 560 కలిపితే మొత్తం జమ 62,297. ఆ 560 కథ కింద చెప్తాను, నా తప్పే.

ఖర్చు ఇదీ:

ట్రయల్ కోసం రెండు రోజులు మైకుల అద్దె 1,800
స్టీరియో కండెన్సర్ మైకు (వాడినది) 24,000
చేతి రికార్డరు (వాడినది) 14,500
పనికిరాని కేబుళ్ళు రెండు 560
పనికొచ్చే కేబుళ్ళు రెండు 1,700
గాలికి బొచ్చు తొడుగు 2,900
స్టాండు, అడ్డకర్రతో సహా 2,350
షాక్ మౌంటు (స్టాండు అదురు మైకుకి తగలకుండా) 1,650
హెడ్‌ఫోన్లు 3,200
మెమరీ కార్డులు, 32 జీబీవి రెండు 1,240
రీచార్జబుల్ బ్యాటరీలు, చార్జరు, 9 వోల్టుల బ్యాటరీలు 1,750
తేమ తగలకుండా డబ్బా, సిలికా జెల్, తేమ మీటరు 640
భీమిలి వైపు రెండు ట్రిప్పుల వ్యాను 1,400
కళాకారులకు సంభావన 4,200

మొత్తం ఖర్చు 61,890. నిల్వ 407. అందులో 387 బ్యాంకులో, 20 నా దగ్గర.

మైకు సంగతి. కొన్నది రోడ్ ఎన్‌టీ4. ఒకే ఒంటికి రెండు తలలు, ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో బిగించి ఉంటాయి. 9 వోల్టుల బ్యాటరీతోనూ నడుస్తుంది, రికార్డరు కేబులు ద్వారా ఇచ్చే 48 వోల్టుల కరెంటుతోనూ (ఫాంటమ్ పవర్ అంటారు) నడుస్తుంది. బరువు అరకేజీ లోపే. సినిమా షూటింగులకు సౌండు రికార్డు చేసే ఒకాయన తన కొత్త మైకు వచ్చాక దీన్ని అమ్మేశారు. కొత్తది మన అంచనాకి అందలేదు, పైగా దాని మీద జీఎస్టీ 18 శాతం. వాడిన సామానుకి షాపు బిల్లు ఉండదు కాబట్టి సీరియల్ నంబరు వేసి, ఆయన చేత సంతకం పెట్టించుకున్న రసీదు ఫైల్లో ఉంది.

ఈ మైకే ఎందుకన్నది మూడు మీటింగులు నడిచింది. రేడియోలో పనిచేసి రిటైరైన మన మాస్టారు ఏ వాదనైనా 1931లో బ్లమ్‌లైన్ అనే ఇంజనీరు ఇంగ్లండులో స్టీరియోకి పేటెంటు పెట్టిన దగ్గర్నుంచే మొదలుపెడతారు, అందుకే మూడు మీటింగులు. ఆయనకి విడివిడిగా రెండు మైకులు కావాలి. హాల్లో కచేరీకి రెంటినీ 17 సెంటీమీటర్ల ఎడంలో, 110 డిగ్రీల కోణంలో బయటికి తిప్పి పెడితే (ఫ్రెంచి రేడియో వాళ్ళ పద్ధతి, ఓఆర్‌టీఎఫ్ అంటారు) వీణ ఎక్కడుందో మృదంగం ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఆ మాట నిజం. హాలు వరకూ ఆయన చెప్పిందే మెరుగని ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ మనం వెళ్ళేది పొలాల మధ్యకి, ఇసుకలోకి. రెండు మైకులంటే రెండు తొడుగులు, రెండు మౌంట్లు, వెళ్ళిన ప్రతిసారీ కొలతపట్టీ. మధ్య మైకు, పక్క మైకు కలిసుండే ఎంఎస్ రకం షూర్ వీపీ88 కూడా చూశాం. రికార్డింగు అయ్యాక కూడా వెడల్పు మార్చుకోవచ్చన్నది దాని గొప్ప. వాడినది ఎక్కడా దొరకలేదు.

తేల్చింది మాత్రం భీమిలి వైపు ఊళ్ళో చేసిన ట్రయల్. సాయంత్రం పద్నాలుగు మంది తప్పెటగుళ్ళ వాళ్ళు ఛాతీకి రేకు గుళ్ళు కట్టుకుని, కాళ్ళకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ ఆడుతున్నారు. అద్దె మైకులు రెంటినీ 60 సెంటీమీటర్ల ఎడంలో ఒక స్టాండు మీద, అమ్మేవాయన తెచ్చిన ఎన్‌టీ4ని పక్కనే ఇంకో స్టాండు మీద పెట్టాం. హెడ్‌ఫోన్లలో వింటే అద్దె మైకులదే పైచేయి. గజ్జెలు ఎడమ చెవి దగ్గర మొదలై ముందు నుంచి కుడి చెవికి వెళ్ళిపోతుంటే మాస్టారు మొహం వెలిగిపోయింది. తర్వాత అదే ముక్కని ఒక చిన్న ఫోన్లో పెట్టి, ఉన్న ఒక్క స్పీకరు లోంచి విన్నాం. రేకుల చప్పుడు డొల్లగా, డ్రమ్ములోంచి వచ్చినట్టు అయిపోయింది. ఎన్‌టీ4 ది మాత్రం రేకు రేకులాగే ఉంది.

కారణం మాస్టారే చెప్పారు. శబ్దం 34 సెంటీమీటర్లు పోవడానికి దాదాపు ఒక మిల్లీ సెకను పడుతుంది. మైకులు ఎడంగా ఉంటే పక్క నుంచి వచ్చే శబ్దం ఒకదానికి ముందు, ఇంకోదానికి తర్వాత అందుతుంది. స్టీరియోలో ఆ తేడానే అందం. రెంటినీ కలిపి ఒకే శబ్దంగా, అంటే మోనో చేస్తే మాత్రం కొన్ని స్వరాలు ఒక మైకులోవి ఇంకో మైకులోవాటితో కొట్టేసుకుపోతాయి. ఎన్‌టీ4లో తలలు రెండూ ఒకేచోట ఉంటాయి, శబ్దం రెంటికీ ఒకేసారి అందుతుంది, తేడా గట్టిదనంలోనే. అందుకే కలిపినా చెడదు. మన రికార్డింగులు వినేది ఎక్కడ? వాట్సాప్‌లో, ఫోను స్పీకరులో. లేదంటే గుడి మైకులో, అదీ మోనోనే. మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, కొనండి" అన్నారు.

"రికార్డరుకే మైకు ఉంటుందిగా, ఇంకోటెందుకు?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తప్పెటగుళ్ళ లాంటి గట్టి శబ్దానికి తేడా పెద్దగా తెలియదు, నిజమే. ఒక పెద్దావిడ గొంతు తగ్గించి ఊయల పాట పాడినప్పుడు తెలిసింది. రికార్డరు సొంత మైకులో పాట వెనక స్టవ్వు మీద గ్యాసు వదిలేసినట్టు సన్నగా రొద. ఎన్‌టీ4 సొంత రొద 16 డెసిబెల్స్. ఇంతకంటే నిశ్శబ్దంగా ఉండే మైకులు లేకపోలేదు, అదే కంపెనీ ఎన్‌టీ1-ఏ ది 5 డెసిబెల్సే. అది మోనో, స్టీరియోకి రెండు కొనాలి. కంబాలకొండలో తెల్లారగట్ల పిట్టల్ని రికార్డు చేద్దామని చందా ఇచ్చిన సభ్యులకి ఇక్కడే చెప్పేస్తున్నాను: దగ్గర పిట్టలకి ఇది చాలు, దూరం పిట్టలకి చాలదు. మన మొదటి పని మనుషుల పాట, దానికి తగ్గట్టే కొన్నాం. మరీ గట్టి శబ్దానికి మాత్రం భయం లేదు, 143 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది. డప్పు పక్కన పెట్టినా బెదరదు. బెదిరేది రికార్డరే, దాని మీటరులో లెవెలు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఎవరో ఒకరు చూస్తూ, వింటూ ఉండాలి. 3,200 పెట్టి హెడ్‌ఫోన్లు కొన్నది అందుకే.

బొచ్చు తొడుగుకి 2,900 అంటే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. సాగర్ నగర్ బీచిలో మైకు ఉత్తిగా పెడితే అలల బదులు భగభగమని మంట మండినట్టు వచ్చింది. మైకుతో వచ్చిన స్పాంజి తొడుగు వేస్తే సగం తగ్గింది. బొచ్చు తొడుగు వేసి, 80 హెర్ట్జ్ కింది గుమ్మనే లోతు శబ్దాలు కోసేశాకే అల అలలా వినపడింది. మధ్యలో ఒక సభ్యుడి భార్య, "ఇంత డబ్బెందుకు, నేను కుడతాను" అని పూర్ణా మార్కెట్‌లో బొచ్చు గుడ్డ కొని రెండు రోజుల్లో కుట్టిచ్చారు. చూడముచ్చటగా ఉంది. కానీ గుడ్డ వెనక రబ్బరు పూత, దాంట్లోంచి గాలితో పాటు పాట కూడా లోపలికి రాలేదు. గుడ్డ డబ్బులు ఆవిడ తీసుకోలేదు కాబట్టి లెక్కలో లేవు. ఇక్కడ ధన్యవాదాలు చెప్తున్నాను. కొన్న తొడుగు చూసి తప్పెటగుళ్ళ గురువుగారు, "ఏటి బాబూ, ఉడతని తెచ్చి కర్రకి కట్టీసినారు?" అన్నారు. అప్పట్నుంచి మైకు పేరు ఉడత.

తేమ డబ్బా 640కి బియ్యం పోసుకునే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బానే. కండెన్సర్ మైకులో సన్నటి పొర ఒకటి, దాని వెనక లోహపు పలక ఒకటి, మధ్యలో వెంట్రుకంత కూడా లేని సందు. ఆ రెంటి మధ్య కరెంటు చార్జి నిలిచి ఉండాలి. తేమ చేరితే చార్జి కారిపోయి చిటపటమంటుంది. అద్దె మైకొకటి ఏసీ కారు లోంచి తీసి నేరుగా ఒడ్డున పెడితే వేడి నూనెలో ఆవాలు వేసినట్టు పేలింది. విశాఖ గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఇంట్లో ఉప్పు డబ్బా చూస్తే చాలు. మైకు ఎవరు తీసుకెళ్ళినా ఏసీ లోంచి బయటికి వచ్చాక అరగంట సంచీలోనే ఉంచి తర్వాత తీయండి. పని అయ్యాక డబ్బాలో పెట్టి మూత గట్టిగా నొక్కండి.

ఇక ఆ 560. మైకుతో వచ్చిన కేబులు పొట్టిది, పొడిగించడానికి 5 మీటర్లవి రెండు కావాలి. నేను డబ్బు మిగులుద్దామని ఒక షాపులో 280 చొప్పున రెండు కొన్నాను. మొదటి రికార్డింగు హెడ్‌ఫోన్లలో విచిత్రంగా వెడల్పుగా ఉంది, ఫోన్లో పెడితే పాటగాడి గొంతు దాదాపు మాయం. గజ్జెలున్నాయి, జనం మాటలున్నాయి, మధ్యలో నిలబడ్డ మనిషి లేడు! రెండు రోజులు మైకునే అనుమానించాం. అమ్మినాయనకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా, తర్వాత మళ్ళీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. చివరికి మాస్టారు టెస్టరు పెట్టి చూస్తే ఒక కేబుల్లో, కనెక్టరుకుండే మూడు పిన్నుల్లో 2, 3 పిన్నుల వైర్లు తారుమారు. ఒక పక్క ప్లస్ వస్తుంటే ఇంకో పక్క మైనస్, రెండూ కలిపితే మధ్యలో ఉన్నది సున్నా. విప్పి సరిచేద్దామంటే అచ్చుపోసిన కనెక్టర్లు. షాపు వాళ్ళు వెనక్కి తీసుకోలేదు. కమిటీ వద్దన్నా ఆ డబ్బు నేనే కట్టాను. రెండోసారి కొన్నవి మాస్టారు షాపులోనే టెస్టరు పెట్టి చూశాక కొన్నాం. చెడిపోయిన ఆ మొదటి రికార్డింగు వృథా కాలేదు, ఒక పక్కని కంప్యూటర్లో తిరగేస్తే గొంతు తిరిగొచ్చింది.

సంభావన మీద వచ్చిన అభ్యంతరం కూడా రాయాలి. మైకు కోసం ఇచ్చిన చందా కళాకారులకి ఇవ్వడం ఏమిటని ఇద్దరు అడిగారు. కమిటీలో ఓటు పెడితే తొమ్మిది మంది ఇవ్వాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. పద్నాలుగు మందికి తలా 300. వాళ్ళు రెండో ట్రిప్పున కూలిపని మానుకుని మధ్యాహ్నం నుంచి మన కోసం కూర్చున్నారు, లెవెలు సరిగా లేదని చెప్పి అదే పాట మూడుసార్లు పాడించాం. నాది ఆ తొమ్మిదిలో ఓటు. కానీ అభ్యంతరం చెప్పినవాళ్ళ మాటలో ఒక న్యాయం ఉంది: చందా అడిగేటప్పుడే సంభావన సంగతి చెప్పి ఉండాల్సింది. ఇకపై రసీదు పుస్తకంలో విడిగా ఒక గడి ఉంటుంది. పాటల కాపీ పెన్‌డ్రైవులో గురువుగారికి ఇచ్చాం. వాళ్ళు సరేననే దాకా యూట్యూబులో పెట్టేది లేదు.

చందా ఇంకా రావాల్సిన ముగ్గురి పేర్లు ఇక్కడ వేయడం లేదు, వాళ్ళకి తెలుసు. ఆ మూడు వేలూ వస్తే ముందు కొనేది స్టాండు కాళ్ళకి ఇసుక సంచులు. బీచిలో గాలికి ఉడత ఒకసారి పడబోయింది, ఒక కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది.

రసీదులు, బ్యాంకు పాసుపుస్తకం ఫైల్లో ఉన్నాయి. ఆదివారం సాయంత్రం 5 నుంచి 7 దాకా హాల్లో ఉంటాను. ఎవరైనా వచ్చి చూడొచ్చు, పైన చెప్పిన ముక్కలు హెడ్‌ఫోన్లలోనూ ఫోన్లోనూ వినొచ్చు.

ఇట్లు,
కోశాధికారి