చదువుకు వయసు అడ్డు కారాదు

సంపాదకులకు,

విద్య బడి ఈడుతో ముగిసేది కాదని, జీవితాంతం సాగవలసినదని యునెస్కో నియమించిన ఎడ్గార్ ఫోర్ సంఘం 1972లోనే స్పష్టం చేసింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగోది కూడా అదే కోరుతోంది. అయినా నడివయసువారు కొత్త పని నేర్చుకోబోతే రుసుము, సెలవు, వయోపరిమితి ఇప్పటికీ అడ్డు తగులుతున్నాయి. యంత్రం మారినప్పుడల్లా మనిషిని తొలగించడం కంటే, ఉన్నవారికి పనివేళల్లోనే, జీతం కోయకుండా శిక్షణ ఇవ్వడం సంస్థలకే మేలు, ఎందుకంటే ఏళ్ల అనుభవం కొత్తగా చేరినవారి వద్ద దొరకదు. పెద్దలకు తెలిసిన పనితో ముడిపెట్టి చెబితే త్వరగా గ్రహిస్తారు. పదిమందిలో తప్పులెన్నితే (ఇది చాలాచోట్ల జరుగుతున్నదే) మళ్లీ తరగతికి రారు. ఈ దృష్టితో శిక్షకులను తయారుచేయడానికి, గ్రంథాలయాల్లో సాయంకాల తరగతులు నడపడానికి ప్రభుత్వాలు విద్యా బడ్జెట్‌లో ప్రత్యేకంగా నిధులు కేటాయించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు