పతకం మీద తుర్రేబాజ్ ఖాన్‌ను ఏడాదిన్నర ముందే చంపేశారు

సంపాదకుడు గారికి,

కంచు పతకం వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులు దాటింది. ఎవరో ఒకరు రాస్తారులే అని ఆగాను. ఎవరూ రాయలేదు. నిన్న మా పక్కింటాయన ఆ పతకమే తెచ్చి చేతిలో పెట్టాక ఇక ఊరుకోలేకపోయాను.

1857లో మన కోఠీలోని రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గరుండే ఇంగ్లీషు ప్రతినిధి భవనం మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల పేర పతకం వేయించడం మంచిదే. కానీ వెనకవైపు ఏం చెక్కారు? '1857 జూలై 17న వీరమరణం' అట! ఆ రోజు తుర్రేబాజ్ ఖాన్ చావలేదండీ. ఆ సాయంత్రం అయిదొందల మందితో వెళ్లారు. రెసిడెన్సీ ఎదుటి సావుకార్ల ఇళ్లలో చేరి తెల్లవారుజాము దాకా కాల్పులు జరిపారు. అవతల ఫిరంగులున్నాయి, ఓడిపోయారు. తర్వాత పట్టుబడ్డారు, ద్వీపాంతర శిక్ష పడింది, 1859 జనవరిలో కాపలా కళ్లుగప్పి తప్పించుకున్నారు. పట్టిస్తే అయిదు వేల రూపాయలన్నారు. తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరానికి తెచ్చి వేలాడదీశారు. మౌల్వీ గారు పోయింది అండమాన్‌లో. పతకం మీద ఆయనకూ అదే తేదీ!

ఇది ఉత్త పొరపాటేనా అని నా అనుమానం. తూప్రాన్ దగ్గర చంపింది నిజాం మనుషులే. ఢిల్లీ తిరుగుబాటుదార్ల మీదికి వెళ్లనని ఎదురుతిరిగిన జమేదారు చీదా ఖాన్‌ను రెసిడెన్సీకి అప్పగించింది నిజాం దివాను, మన సాలార్‌జంగే. పతకం మీద మొదటి రాత్రే చంపేస్తే ఈ గొడవంతా ఉండదు, ఆవిష్కరణ సభలో ఎవరూ నొచ్చుకోరు.

ముందువైపు బొమ్మ ఇంకా ఘనం. రెసిడెన్సీ స్తంభాలు, మెట్లు ఎంతో ముచ్చటగా చెక్కారు. దాడి చేసిన వాళ్లకు స్థలం మిగల్లేదు.

1857 తిరుగుబాటును అణచిన వాళ్లకు ఇంగ్లీషు ప్రభుత్వం వెండి పతకాలిచ్చింది. పుచ్చుకున్న వాడి పేరు అంచు మీద గుద్దించి మరీ ఇచ్చింది. మన పతకం అంచు మీదా ఒక పేరుంది లెండి, ఆవిష్కరించిన అతిథిది. అందులో అచ్చుతప్పు లేదు. ఊళ్లో ఏ శిలాఫలకం చూసినా ఇదే వరస. కింద డ్రైనేజీ పొంగుతుంటుంది, పైన మంత్రిగారి పేరు మెరుస్తుంటుంది.

మీరూ వాళ్లిచ్చిన కాగితాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఒకప్పుడు పత్రికాఫీసులో ఇలాంటివి సరిచూసే మనిషంటూ ఒకరుండేవారు.

పతకం వేయించిన కార్యాలయానికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి ఎత్తిన ఉద్యోగి అంతా విని, "చెప్పడానికి మీరేమన్నా పెద్ద తుర్రుంఖానా?" అన్నాడు. ఆ మాట ఎవరి పేరు మీద పుట్టిందంటారో చెప్పబోయేలోగా పెట్టేశాడు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
బేగంబజారు, హైదరాబాద్