థ్రిక్స్ త్రిఖొస్ ఎందుకయింది?

ఒరేయ్,

గ్రీకులో థ్రిక్స్ అంటే వెంట్రుక, మరి షష్ఠీ విభక్తిలో త్రిఖొస్ ఎందుకయిందని అడిగావు కదా. దాన్ని బట్టీ పట్టకు, అది మినహాయింపు కాదు. ప్రాతిపదిక థ్రిఖ్. వరుసగా రెండు అక్షరాల్లో ఒత్తులొస్తే (థ, ఖ, ఫ లాంటి మహాప్రాణాలన్నమాట) గ్రీకు మొదటి ఒత్తు వదిలేస్తుంది. అందుకే త్రిఖొస్. ప్రథమలో ఖ్‌కి స్ తగిలి క్స్ అయ్యేసరికి ఆ ఒత్తు పోతుంది, ఇక థ అలాగే నిలుస్తుంది. అంటే మారింది థ్రిక్స్ కాదు, త్రిఖొస్! త్రెఫో (పెంచుతున్నాను), థ్రెప్సో (రేపు పెంచుతాను) కూడా ఇంతే. హకారాన్నీ ఒత్తు కిందే లెక్కపెట్టు, ఎఖో (నా దగ్గర ఉంది) భవిష్యత్తులో హెక్సో ఎందుకవుతుందో తెలుస్తుంది.

1863లో ఈ సూత్రం చెప్పినవాడు హెర్మన్ గ్రాస్‌మన్. గణితంలో పేరుమోసినవాడే, తర్వాత ఋగ్వేదానికి నిఘంటువు కూడా కట్టాడు. మన సంస్కృతంలోని దధామిని గ్రీకు తిథేమి పక్కన పెట్టి చూడు, రెండిటికీ ‘పెడుతున్నాను’ అనే అర్థం. రెండిట్లోనూ మొదటి ఒత్తు పోయింది. కానీ ఈ రెండిటికీ తల్లి అయిన మూలభాషలోనే పోయుంటే గ్రీకులో దిథేమి రావాలి. త వచ్చిందంటే ముందు ధ థ అయింది, ఆ తర్వాతే ఒత్తు ఊడింది. కాబట్టి ఇది రెండు భాషల్లో విడివిడిగా జరిగిన మార్పు. ఒక్క అక్షరంతో ఏది ముందో ఏది వెనకో తేలిపోవడం ఎంత బాగుందో!

తెలుగు లిపిలోనే రాసుకో, మహాప్రాణాలన్నీ మనకున్నాయి. చిక్కల్లా ఉచ్చారణతోనే. కథని కధ అనే అలవాటుతో తిథేమిని తిధేమి అనకు. ఫని కూడా ‘ఫ్యాను’లోలా ఊదకు, ప్‌కి హ్ కలిపి పలుకు. గ్రీకులోనూ ఆ ఫ చివరికి ఊదే ధ్వనిగానే మారింది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేయిలో, గోడ మీద డాఫ్నే అనే గ్రీకు పేరు లాటిన్ ‘ఎఫ్’తో రాసి ఉంది, అంటే అప్పటికే కొందరి నోట అలా పలికేదన్నమాట. ప్లేటో కాలానికి మాత్రం అది ఒత్తు ప.

సూత్రం తప్పే చోట్లూ ఉన్నాయి. పున్థనొమై (తెలుసుకుంటున్నాను) మన బుధ్ ధాతువే, మూలంలో దాని మొదటి హల్లుకీ ఒత్తుండేది. భవిష్యత్తులో ఫెవ్సొమై రావాలి, వచ్చింది పెవ్సొమై. మిగతా రూపాల్లో ప ఉంది కదా, వాటి సాదృశ్యంతో ఇక్కడా ప నిలిచింది. సంస్కృతం మాత్రం భోత్స్యతే అని ఒత్తు దాచుకుంది. ఇలాంటిది ఎదురైతే సూత్రాన్ని కొట్టిపారేయకు, ఆ మాటకి చుట్టాలైన రూపాలు వెతుకు.

నీకొకటి వదులుతున్నాను. తఖుస్ అంటే వడిగలవాడు, ‘ఇంకా వడిగలవాడు’ అనాలంటే థాత్తోన్. ఖ్, య్ కలిస్తే త్త్ అవుతుందని మాత్రం చెప్తాను. మిగతాది తేల్చి జవాబులో రాయి.

నీ మిత్రుడు