ఐదు నెలలుగా ఒక్క కాగితం కోసం

మానవ వనరుల విభాగం మేనేజరు గారికి,

సంక్రాంతికి ముందు వారం పైడిభీమవరంలోని మీ కర్మాగారంలో ప్యాకింగ్ పనికి చేరాను. ఆ రోజు నా చేత ఏడు చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు. ఆధార్ నకలు, బ్యాంకు పుస్తకం నకలు, చివరికి నా ఐటీఐ అసలు సర్టిఫికెట్టు కూడా తీసుకున్నారు. నాకు మాత్రం ఇంతవరకు ఒక్క కాగితం ఇవ్వలేదు.

మొదటిసారి నియామక పత్రం అడిగినప్పుడు, సంతకం చేసే అధికారి హైదరాబాద్ వెళ్లారని, వచ్చే వారం రమ్మని కిటికీ దగ్గరి గుమస్తా గారు చెప్పారు. వచ్చే వారం వెళితే శిక్షణ మూడు నెలలు పూర్తి కావాలన్నారు. పూర్తయ్యాక వెళితే అకౌంట్స్‌లో అడగమన్నారు. అక్కడి ఆయన తలెత్తకుండానే "ఇది మా పని కాదు" అని హైదరాబాద్ కార్యాలయం నంబరు ఇచ్చారు. రాత్రి షిఫ్టు దిగి, నిద్ర మానుకుని ఫోను చేశాను. ఉద్యోగి సంఖ్య చెప్పమన్నారు. అది నియామక పత్రం మీద ఉంటుందట. ఆ పత్రం కోసమే చేశానమ్మా అంటే, "ప్లాంటులోనే అడగండి" అని పెట్టేశారు. మళ్లీ కిటికీ దగ్గరకు వెళ్లాను. "అందరికీ లేని తొందర నీకెందుకు?" అన్నారు గుమస్తా గారు. నా వెనక నిలబడ్డ ఇద్దరు కొత్త కుర్రాళ్లు ఆ మాట విని, అడగకుండానే వెళ్లిపోయారు. ఆ రోజు కలిగిన బాధ నాకు ఇంకా తగ్గలేదు.

జీతం 14,000 అన్నారు, బ్యాంకులో 12,215 పడుతోంది. తేడా ఎందుకని అడిగితే సూపర్‌వైజరు గారు క్యాంటీన్ టోకెను వెనక రాసి చూపించారు: పీఎఫ్ 1,680, ఆరోగ్య బీమా ఈఎస్‌ఐ 105. జీతం చీటీ లేదు కాబట్టి ఆ టోకెనే దాచుకున్నాను. మార్చిలో అమ్మకు జ్వరం తగ్గకపోతే ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి తీసుకెళ్లాను. బీమా నంబరు అడిగారు. ఏం చెప్పను? ప్రైవేటు ఆసుపత్రిలో 6,400 అప్పు చేసి కట్టాను. చేరిన పది రోజుల్లో నా పేరు నమోదు చేయించాల్సింది మీరు.

మా అన్నయ్య మీ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేశాడు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు మా ఇంటి రేకులు లేచిపోతున్నా, గోదాములో సరుకు తడవకూడదని రెండు రాత్రులు మీ కర్మాగారంలోనే ఉన్నాడు. ఆ ఇంటి వాడినన్న నమ్మకంతోనే అసలు సర్టిఫికెట్టు మీ చేతిలో పెట్టాను.

ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్ చెబుతోంది. కాబట్టి నేను దయ చూపమని అడగడం లేదు. నియామక పత్రం, ఈఎస్‌ఐ నంబరు, పీఎఫ్ ఖాతా నంబరు, ఐదు నెలల జీతం చీటీలు, నా సర్టిఫికెట్టు ఈ శనివారంలోగా ఇవ్వండి. వెనుదిరిగిన ఆ ఇద్దరినీ పిలిచి వాళ్ల కాగితాలు కూడా ఇవ్వండి.

లేదంటే సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అర్జీ పెడతాను, అక్కడి నుంచి కార్మిక శాఖ కార్యాలయానికి వెళతాను. ఉద్యోగం పోతుందని ఇంట్లో భయపడుతున్నారు. అయినా ఆ రోజుకు సెలవు చీటీ ఇచ్చేశాను. టోకెను వెంట తీసుకెళతాను.

ఇట్లు,
ప్యాకింగ్ విభాగం కార్మికుడు,
రణస్థలం మండలం